మూడు కాలేజీలు, ఒక బడి

చిత్తూరు,
6 జూలై 1998.

ప్రియమైన రూతుకు,

నీ అక్క నిర్మల దీవెనలు. కవరు వెనక 'సిస్టర్ నిర్మలమ్మ, ప్రిన్సిపాల్' అని ముద్ర ఉంటుంది. దాన్ని చూసి భయపడకు. తిరుపతి హాస్టల్లో ఎం.ఎడ్. చదివేటప్పుడు నీ కొబ్బరినూనె చెప్పకుండా రాసుకున్న నిర్మలనే ఇంకా.

ఒక కొత్త పదవి వచ్చింది. బి.ఎడ్. నేర్పే కథోలిక కాలేజీలు మనవైపు మూడున్నాయి కదా: చిత్తూరులో మా కన్యాస్త్రీలది, రేణిగుంటలో నువ్వు పాఠాలు చెప్పే ఫాదర్లది, మదనపల్లి దారిలో బ్రదర్లది. ముగ్గురం ఒకే పని చేస్తూ ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం లేదని పైవాళ్ళకు అనిపించి, 'కథోలిక విద్యా కళాశాలల సహకార మండలి' పెట్టించారు. దానికి నేను కార్యదర్శిని.

మొదటి సమావేశం పదింటికి మొదలైంది. ఉత్తరాల కాగితం మీద ఎవరి కాలేజీ పేరు ముందు ఉండాలి అన్న దగ్గరే ఒంటిగంట అయింది. మీ ప్రిన్సిపాల్ ఫాదర్ చిన్నప్ప తమది పాతదన్నారు. బ్రదర్ తమది పెద్దదన్నారు. నేను ఊరుకున్నానా? మాది ఆడవాళ్ళదన్నాను. చివరికి మూడు పేర్లనూ ఉంగరంలా గుండ్రంగా అచ్చు వేయించాలని ఏకగ్రీవంగా తీర్మానించాం. ఇప్పుడు ఆ కాగితాన్ని ఎటు తిప్పినా రెండు పేర్లు తలకిందులుగా కనిపిస్తాయి.

భోజనాలయ్యాక పది నిమిషాల్లో అసలు పని తేలింది. పల్లెల్లో పిల్లలు ఏడో తరగతి దగ్గర చదువు ఎందుకు ఆపేస్తున్నారో ముగ్గురం కలిసి పరిశోధన చేయాలట. ఎవరు తిరుగుతారు అనేసరికి అందరూ ఫ్యాను వైపు చూశారు. నేను నీ పేరు చెప్పాను. నువ్వు లూథరన్ సంఘం మనిషివని బ్రదర్ గుర్తు చేశారు. "ఎండలో తిరిగేదానికి ఏ సంఘమైతే ఏముండాది లే బ్రదర్," అన్నారు మీ ఫాదర్.

చేస్తావు కదూ?

నీ అక్క,
నిర్మల

*

రేణిగుంట,
9 ఆగస్టు 1998.

నిర్మలక్కకు,

రూతు వందనాలు. చేస్తాను. నువ్వు అడగకపోయినా ఎండలో తిరిగేదాన్నే. ఇప్పుడు మీ మండలి పేరు చెప్పుకుని తిరుగుతాను, అంతే తేడా.

సహకారం రుచి అప్పుడే చూశాను. మీ లైబ్రరీలో నాకు కావలసిన పుస్తకం ఒకటుందని తెలిసి, ఆ గుండ్రని కాగితం మీదే ఉత్తరం రాశాను. మీ లైబ్రేరియన్ వరదయ్యగారు తిరుగు టపాలో జవాబిచ్చారు. 'తీర్మానంలో సహకారం ఉన్నది గానీ పుస్తకాల ప్రస్తావన లేదు.' ఆయన మీద నాకు కోపం లేదు. మండలిలో తీర్మానం చదివింది ఆయనొక్కరే అనిపించింది.

గొల్లమిట్టతో మొదలుపెట్టాను. శ్రీకాళహస్తి బస్సు ఎక్కితే హైస్కూలు గేటు ముందే దించుతుంది. మూడేళ్ళలో ఏడో తరగతి పరీక్ష తప్పి నలభై ఒక్కమంది బడి మానేశారు. ఏమంటారో నాకు ముందే తెలుసుననుకున్నాను. పేదరికం అంటారు, పొలం పనులంటారు, ఆడపిల్లకు చదువెందుకంటారు. ఆ మూడింటికీ కాగితం మీద గళ్ళు కూడా గీసుకుని వెళ్ళాను.

మొదట ఆదిలక్ష్మమ్మ అనే ఆమె ఇంటికి పోయాను. ఆమె కూతురు మునిలక్ష్మి పోయిన ఏప్రిల్‌లో లెక్కల్లో తప్పింది. "అయ్యవార్లు రాలేదా?" అని అడిగాను.

"రాకేమమ్మా! ఈడ అయ్యవార్లు శానా ఎక్కువైపోయినారు," అంది.

నాకు అర్థం కాలేదు.

"ఒగ నెల ఒగామె వస్తాది. ఇంగో నెల ఇంగొగామె. వచ్చినామల్లా బోర్డు మీద వాన మోడమే గీస్తారు. నా బిడ్డ మోడం గీసేది బో బాగా నేర్సింది. లెక్కల్లో మాత్రం సున్నా తెచ్చింది."

నేను గీసుకున్న గళ్ళలో మోడానికి చోటు లేదక్కా. మళ్ళీ వెళ్తాను.

నీ చెల్లెలు,
రూతు

*

చిత్తూరు,
20 ఆగస్టు 1998.

ప్రియమైన రూతుకు,

మోడం సంగతి చదివి భోజనాల బల్ల దగ్గర నేనొక్కదాన్నే నవ్వాను. తక్కిన సిస్టర్లు నాకేదో అయిందనుకున్నారు. వదలకు, తవ్వు.

మా ట్రైనీలు కూడా గొల్లమిట్టకు వస్తుంటారా? సరిగా గుర్తు లేదు. అలాంటివి ఆఫీసువాళ్ళు చూసుకుంటారు.

వరదయ్యతో మాట్లాడాను. పుస్తకం పంపడట. నువ్వే వచ్చి మా గదిలో కూర్చుని చదువుకుంటే కుర్చీ వేయిస్తాడట. ఇది కూడా సహకారమే అనుకో.

నిర్మల

*

రేణిగుంట,
22 నవంబరు 1998.

నిర్మలక్కకు,

ఈ ఉత్తరంతో ముప్పై ఎనిమిది పేజీల నివేదిక పంపుతున్నాను. నీకు తీరిక లేకపోతే పదిహేడో పేజీ ఒక్కటి చదువు.

గొల్లమిట్ట బడి రిజిస్టర్లు నాలుగు రోజులు కూర్చుని చూశాను. మన మూడు కాలేజీల బి.ఎడ్. ట్రైనీలు టీచింగ్ ప్రాక్టీసుకు ఆ బడికే వస్తున్నారు. మూడేళ్ళలో నూట తొంభై ముగ్గురు. మీవాళ్ళు వెళ్ళిన సోమవారం మావాళ్ళు దిగుతారు. మావాళ్ళు చార్టు చుట్టుకుంటుంటే బ్రదర్ల పిల్లలు గేటు దగ్గర నిలబడి ఉంటారు. ఒక కాలేజీ పంపుతున్నట్టు ఇంకో కాలేజీకి తెలియదు. ఆ బడే ఎందుకని ట్రైనీలను అడిగాను. గేటు ముందే బస్సు ఆగుతుంది, పక్కనే టీ అంగడి ఉంది. అంతకు మించి కారణం దొరకలేదు.

వచ్చిన ప్రతివాళ్ళూ మార్కులు పడే పాఠం చెబుతారు. చార్టు బాగా కుదిరేది నీటి చక్రం. సముద్రం నీలంగా, మోడం బూడిద రంగులో, వాన పడడానికి తిరుమల కొండలు. ఒకే తరగతికి ఆ పాఠం ముప్పై ఒక్కసార్లు చెప్పారు. భిన్నాలు ఒక్కసారి కూడా ఎవరూ చెప్పలేదు. మార్కులు వేసే అబ్జర్వర్ తరగతి వెనక కూర్చుని ఉంటే భిన్నాల జోలికి ఎవరు పోతారు?

అక్కడి లెక్కల మాస్టారు చక్రధర్‌ను అడిగాను. చెడ్డ మనిషి కాదు.

"నేనేం సేయల్లమ్మా? మీ పిల్లోళ్ళు నా క్లాసులో ఉంటే నేను యాడ నిల్సుకోవల్ల? మొదటి సమత్సరం వరండాలో కుర్చీ ఏసుకోని కూసున్నాను. రెండో సమత్సరం ఇంటికాడ కూసున్నాను," అన్నాడు.

అక్కడి నుంచి లోపలికి ఆరు కిలోమీటర్లు పోతే ఇంకో మూడు హైస్కూళ్ళున్నాయి. ట్రైనీ అనే మనిషిని వాళ్ళు చూడనే లేదు. ఒకదాంట్లో లెక్కల మాస్టారు లేక రెండేళ్ళయింది.

పిల్లలెందుకు ఆగిపోతున్నారని కదా మనం అడిగింది? గొల్లమిట్ట వరకు జవాబు మనమే అక్కా. చేయవలసింది పెద్ద పని కూడా కాదు. మూడు కాలేజీల జాబితాలు ఒక కాగితం మీద పెట్టి ఊళ్ళు పంచుకుంటే చాలు.

నీ జవాబు కోసం చూస్తుంటాను.

రూతు

*

చిత్తూరు,
18 జనవరి 1999.

ప్రియమైన రూతుకు,

కొత్త సంవత్సర శుభాకాంక్షలు. నివేదిక అందింది. చాలా శ్రమపడ్డావు. ముద్రణకు అనువుగా అక్కడక్కడా కొన్ని సవరణలు అవసరమని భావిస్తున్నాము. మండలి తగిన నిర్ణయం తీసుకుంటుంది. ఆరోగ్యం జాగ్రత్త.

సిస్టర్ నిర్మలమ్మ
కార్యదర్శి

*

రేణిగుంట,
14 మార్చి 1999.

గౌరవనీయులైన సిస్టర్ నిర్మలమ్మ గారికి,

మండలి ప్రచురించిన పుస్తకం అందినది. కృతజ్ఞతలు.

అట్ట మీద మూడు కాలేజీల పెద్దల ఫొటో చాలా బాగా వచ్చింది. లోపల ముప్పై ఏడు పేజీలున్నాయి. పదిహేడో పేజీ లేదు. పదహారో పేజీ తర్వాత ఒక కొత్త వాక్యం చేరింది. 'పిల్లలు బడి మానడానికి ప్రధాన కారణం తల్లిదండ్రులలో విద్యపట్ల అవగాహన లేకపోవడమే.' ఉదాహరణగా గొల్లమిట్టకు చెందిన ఒక తల్లిని పేర్కొన్నారు. ఆ తల్లి నా ముందు కూర్చుని, లోపం ఎక్కడుందో మనకంటే స్పష్టంగా చెప్పింది. ఆమెకు చదవడం రాదు కాబట్టి ఈ వాక్యం ఆమె కంటపడదు. మీకు ఆ భయం అక్కర్లేదు.

రచయితలుగా ముగ్గురు ప్రిన్సిపాళ్ళ పేర్లున్నాయి. నా పేరు చివరి పేజీలో దొరికింది. 'ప్రయాణాలలో సహకరించిన శ్రీమతి రూతు.' పైన ప్రెస్సువారు, కింద వంటవారు. వంటవారు కథోలికులో కాదో నాకు తెలియదు.

పుస్తకం చూశారా అని ఫాదర్ చిన్నప్ప గారిని అడిగాను. "సూసినానమ్మా, అట్ట చాలా బాగుండాది," అన్నారు. బెంగుళూరు సదస్సులో దీనికి మంచి పేరు వచ్చిందని, కథోలిక కాలేజీలు ఇలాగే కలిసి పనిచేయాలని అక్కడ అందరూ మెచ్చుకున్నారని కూడా చెప్పారు.

మునిలక్ష్మి ఇప్పుడు రేణిగుంటలో చింతపండు గోడౌనులో గింజలు తీసే పనికి పోతోంది. మీ పరిశోధనకు పనికివస్తుందేమోనని తెలియజేస్తున్నాను.

ఇట్లు,
రూతు, లెక్చరర్

*

చిత్తూరు,
11 ఏప్రిల్ 1999.

రూతూ,

నన్ను 'గారు' అన్నావు. ఇరవై ఏళ్ళలో మొదటిసారి. నీ ఉత్తరం మూడు రోజులు ప్రార్థన పుస్తకంలో పెట్టుకుని తిరిగాను. ప్రార్థన మాత్రం సాగలేదు.

పదిహేడో పేజీ తీసింది ఫాదర్ చిన్నప్ప కాదు, బ్రదర్ కాదు. నేనే తీశాను. వాళ్ళు దాన్ని చదవనే లేదు. వాళ్ళు అడ్డం చెబుతారేమోనని భయపడి ముందే తీసేశాను అని నీకు రాద్దామనుకున్నాను. అది కూడా నిజం కాదు. నూట తొంభై ముగ్గురిలో తొంభై ఆరుమంది మా పిల్లలే. గొల్లమిట్ట హెడ్మాస్టరుకు వెళ్ళిన ప్రతి ఉత్తరం మీదా నా సంతకం ఉంది. గుర్తు లేదని నీకు రాసిన రోజే ఫైలు తెప్పించి చూసుకున్నాను.

ఆ వాక్యం రాసింది కూడా నేనే. నీ పేరు వంటవాళ్ళ పక్కన ఉండడం ప్రూఫుల్లో చూశాను. చూసి ఊరుకున్నాను.

మార్చి ఇరవై మూడున ఎవరికీ చెప్పకుండా బస్సెక్కి గొల్లమిట్టలో దిగాను. నువ్వన్నట్టే గేటు ముందే దించాడు. ఏడో తరగతిలోకి వెళ్ళి వెనక బెంచీలో కూర్చున్నాను. బోర్డు దగ్గర మా కాలేజీ అమ్మాయి రేవతి ఉంది. నన్ను చూడగానే కంగారుపడి పాఠం మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకుంది. సముద్రం చూపించింది. ఎండ చూపించింది. 'నీరు ఆవిరిగా పైకి వెళ్ళి...' దగ్గర ఆగిపోయింది. ముందు వరసలో ఒక పిల్ల లేచి, "సల్లబడి మోడమవుతాది మేడం. ఇప్పుడు మీరు సార్టు తిప్పల్ల," అంది.

తరగతిలో ఎవరూ నవ్వలేదు రూతూ. వాళ్ళకది రోజూ జరిగే పని. రేవతి చార్టు తిప్పింది.

నేను లేచి ముందుకు వెళ్ళాను. అరకు పావు కలిపితే ఎంత అని అడిగాను. "అది మాకు ఎవురూ సెప్పలేదు మేడం," అంది ఆ పిల్లే. బోర్డు మీద రొట్టె బొమ్మ గీసి మొదలుపెట్టాను. నేను ప్రిన్సిపాల్‌నయ్యాక సుద్ద ముట్టుకున్నది అదే. బెల్లు కొట్టినా పిల్లలు లేవలేదు. నాకు సంతోషం వేయలేదు, సిగ్గేసింది. అరగంటలో అయ్యే పని అది.

అయిదో తేదీన మండలి సమావేశం జరిగింది. పదిహేడో పేజీ పైకి చదివాను. "మీరు తీసేసిన పేజీని మీరే ఎందుకు చదువుతున్నారు?" అని బ్రదర్ అడిగారు. న్యాయమైన ప్రశ్నే. తీసేశాను కాబట్టే చదువుతున్నానన్నాను. ఫాదర్ చిన్నప్ప చాలాసేపు ఆలోచించి, "టీ అంగడి మాట ఒగటి తీసేస్తే మిగతాది ఒప్పుకోవచ్చు సిస్టర్," అన్నారు. టీ అంగడి తీయనని నేను పట్టుబట్టాను. పంచిపెట్టని పుస్తకాలు రెండు వందలున్నాయి. ఆ పేజీ వేరుగా అచ్చు వేయించి, నేనూ వరదయ్యా కూర్చుని గంజితో అతికించాం. ఆ వాక్యం మీద తెల్లకాగితం అంటించాం. మొదటి పేజీలో నీ పేరు ఉంది.

నిన్న మా కన్యాస్త్రీలందరికీ పెద్ద, ప్రొవిన్షియల్ మదర్ పిలిపించారు. నా మీద కోపమేమీ లేదన్నారు. నాకు క్షేత్రస్థాయి అనుభవం మీద చాలా ఆసక్తి ఉన్నట్టు తెలిసిందట. జూన్ నుంచి భాకరాపేట అవతల కొండ కింద మా చిన్న బడికి పొమ్మన్నారు. మూడో తరగతి చెప్పాలి.

క్షమించమని అడగడం లేదు. నాకు రాయకపోయినా ఫరవాలేదు. ఆదిలక్ష్మమ్మకు మాత్రం నువ్వే చెప్పాలి. నాకు ఆమె ముఖం చూసే ధైర్యం లేదు.

నిర్మల

*

రేణిగుంట,
27 జూన్ 1999.

నిర్మలక్కకు,

రెండు నెలలు నీకు రాయలేదు. రాయకూడదనే అనుకున్నాను. ఏప్రిల్లోనే రాసి ఉంటే తిట్టి ఉండేదాన్ని. ఇప్పుడు ఆ తిట్లు వెతికినా దొరకడం లేదు.

ముందు మీ మండలి వార్తలు. నువ్వు చదివింది విని వాళ్ళు మారారు. గొల్లమిట్టకు ఇక ట్రైనీలను పంపకూడదని తీర్మానించారు. మూడు కాలేజీలూ ఒకరికొకరు చెప్పుకోకుండా తర్వాతి బస్టాపులో ఉన్న బడికి ఉత్తరాలు రాశాయి. అక్కడ కూడా టీ అంగడి ఉంది.

ఆ ముగ్గురి ఉత్తరాలూ ఒకే రోజు అందుకున్న హెడ్మాస్టరు నాకు ఫోను చేశాడు. నేను మూడు కాలేజీల ఆఫీసులకూ తిరిగాను. ప్రిన్సిపాళ్ళ దగ్గరకు పోలేదు, గుమాస్తాల దగ్గరకు పోయాను. మీ వరదయ్యగారు మీ జాబితా తన చేత్తో రాసిచ్చారు. తీర్మానంలో లేదు కదండీ అంటే, "వద్దని కూడా లేదు కదమ్మా," అన్నారు. ఇరవై రెండు బడులు పంచాం. లోపలి మూడు హైస్కూళ్ళూ అందులో ఉన్నాయి. కాగితం తీసుకుపోతే ముగ్గురు పెద్దలూ సంతకాలు చేశారు. మిగతా ఇద్దరూ చేసేశారని ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పాను. పాపమే. నీకు కాక ఇంకెవరికి చెప్పుకోను?

చక్రధర్ మాస్టారు తరగతిలోకి వచ్చాడు. మొదటి రోజు సుద్ద యాడుండాదో తెలీక పిల్లోళ్ళను అడిగినానమ్మా అన్నాడు.

ఆదిలక్ష్మమ్మకు ఆ వాక్యం చదివి వినిపించాను. తర్వాత దాని మీద అతికించిన తెల్లకాగితం చూపించాను. వేలితో తడిమింది. "ఎవురు రాసినారు?" అంది. నీ పేరు చెప్పాను. "అతికించినదెవురు?" అంది. నీ పేరే చెప్పాను. పుస్తకం మూసి నా చేతికిచ్చింది. "సరేలేమ్మా. ఆయమ్మను ఒగసారి రమ్మను, ఇంత అన్నం తినిపోతాది," అంది.

మునిలక్ష్మి బడికి తిరిగి రాలేదు. గోడౌను వదలనంటోంది. ఆదివారాలు నా దగ్గరకు వచ్చి భిన్నాలు చేస్తోంది. ప్రైవేటుగా పరీక్ష రాయిద్దామనుకుంటున్నాను. రాస్తుందో లేదో చెప్పలేను.

నీ చెల్లెలు,
రూతు

*

ఎగువచీకులపల్లె,
భాకరాపేట మీదుగా,
18 జూలై 1999.

నా రూతుకు,

చెల్లెలు అని చూసి, ఆ మాట దగ్గరే కాసేపు ఆగిపోయాను.

ఇక్కడ గదులు రెండు, పిల్లలు అరవై ముగ్గురు, చెప్పేవాళ్ళం నేనూ ఇంకో ముసలి సిస్టరూ. ఆమెకు వినపడదు. పిల్లలు చెప్పింది తప్పయినా ఆమెకు తెలియదు, ఒప్పో తప్పో నేను తేల్చేలోగా ఇంకో నలుగురు బెంచీ ఎక్కి ఉంటారు. మూడో తరగతికి చెప్పడం ఎలాగో ఇరవై ఏళ్ళు ఉపన్యాసాలిచ్చాను. ఆ ఉపన్యాసాలు రాసిన నోట్సు తెచ్చుకున్నాను కూడా. మొదటి వారమే కట్టి అటక మీద పెట్టాను. వాటిలో ఎక్కడా ముక్కు చీదించడం గురించి లేదు.

అడగడానికి నాకు హక్కు లేదు. అయినా అడుగుతున్నాను. మీ ఇరవై రెండు బడుల కాగితంలో ఈ ఊరు లేదు. బస్సు దిగి నాలుగు కిలోమీటర్లు నడవాలి, టీ అంగడి లేదు. ఎవరైనా వస్తారా? ఒక్క మనిషి చాలు. పది రోజులు చాలు.

నీ అక్క,
నిర్మల

*

రేణిగుంట,
27 జూలై 1999.

అక్కా,

ట్రైనీలను అడిగాను. నడవాలనగానే అందరికీ ఒకేసారి ఏవో పనులు గుర్తొచ్చాయి. అందుకని నేనే పది రోజులు సెలవు పెట్టాను. కారణం అన్నచోట 'సహకారం' అని రాశాను. ఫాదర్ చిన్నప్ప కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని చూశారు.

"ఏ మండలి తరపునమ్మా?" అన్నారు.

"నా తరపునే ఫాదర్," అన్నాను.

అలాంటి సెలవు నిబంధనల్లో లేదు, జీతం రాదు అన్నారు. సరేనన్నాను. సంతకం పెట్టి, తలుపు దాకా వచ్చి, "ఆడ జాగర్త. సిస్టర్‌ను అడిగినానని సెప్పు," అన్నారు.

సోమవారం పొద్దున బస్సుకు వస్తున్నాను. దిగినాక ఎటు నడవాలో నువ్వు రాయలేదు. ఎవరినైనా అడుగుతాలే.

రూతు